వేళ్ళు కోసిన గ్లౌజు

గ్లౌజును మేనేజరు బల్ల మీద పెట్టారు. ఉత్తినే పెట్టలేదు. ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి, పేపర్‌వెయిట్ పక్కన పెట్టారు. నెత్తురు ఎండి నల్లబడింది. బొటనవేలికీ చూపుడువేలికీ చివర్లు లేవు. హత్య చేసిన కత్తిని కూడా ఇంత భద్రంగా దాచరేమో అనుకుంది వదిన, గుమ్మం దగ్గర నిలబడి.

ఆ పాత సీసాల షెడ్డులో ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. సూపర్‌వైజరు ఆమెకు సొంత మరిది. అతను "వదినా, వదినా" అని పిలవగా పిలవగా, బెల్టు దగ్గర గాజు ఏరే ఆడవాళ్ళకీ, లారీ డ్రైవర్లకీ, చివరికి గేటు కాపలావాడికి కూడా ఆమె వదినే అయిపోయింది. ఒక్క మేనేజరు మాత్రం "ఏమ్మా" అంటాడు.

"చూశావు కదమ్మా," అన్నాడు మేనేజరు. అతను గొంతు పెంచగా ఎవరూ వినలేదు. తడిగుడ్డతో గొంతు కోసే రకం. "కంపెనీ మంచి గ్లౌజు ఇచ్చింది. ఆ అమ్మాయి చేతులారా కోసుకుంది. కోసుకోకూడదని గోడ మీద రాసిపెట్టాం. ఎల్లుండి పై ఆఫీసు నుంచి ఒకాయన విచారణకి వస్తున్నారు. బెల్టు దగ్గర నీ మాటే నడుస్తుంది కాబట్టి నిన్ను పిలుస్తారు. గ్లౌజు కోసి ఉందా లేదా అని ఒక్క మాట అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

"అందరివీ కోసే ఉంటాయి గదండీ."

"అందరి సంగతీ ఎవరూ అడగరమ్మా."

"కోసి ఉందంటే ఏమవుతుంది?"

"తప్పు ఆ అమ్మాయిది అవుతుంది. తప్పు మనిషిదైతే ఆస్పత్రి ఖర్చు కంపెనీ మీద పడదు. రూల్ అది. నేను పెట్టింది కాదు."

వదిన మరిది వంక చూసింది. అతను కిటికీ దగ్గర నిలబడి, బూటు మీద దుమ్ము ఎప్పుడు పడిందా అన్నట్టు కిందకి చూస్తున్నాడు. ఆ బూట్లను విసిరి అతని నెత్తిన కొట్టాలనిపించింది ఆమెకు. వెనక్కి తిరిగి బయటికొచ్చింది.

బయట లారీ సీసాలు కుమ్మరిస్తోంది. కొండలా పడుతుంది గాజు. ఆ చప్పుడుకి కొత్తవాళ్ళు చెవులు మూసుకుంటారు, పాతవాళ్ళు ఆవలిస్తారు. పార బండి దాన్ని ఎత్తి తొట్టిలో పోస్తే అది బెల్టు మీదకి జారుతుంది. బెల్టుకి అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడతారు. తెల్ల గాజు ఒక గుంటలోకి, ఆకుపచ్చది ఒక గుంటలోకి, గోధుమరంగుది ఇంకొక గుంటలోకి. అది తేలిక. కళ్ళుంటే చాలు. కష్టం ఎక్కడంటే, గాజులా కనిపించి గాజు కానివాటి దగ్గర. పగిలిన పింగాణీ పళ్ళెం ముక్క, అద్దం ముక్క, పొయ్యి మీద పెట్టినా పగలని మందపాటి గిన్నె ముక్క. ఇవి గాజు బట్టీలో మిగతావాటితోపాటు కరగవు. ఒక్క పెంకు తప్పించుకున్నా కొత్త సీసా గోడలో బియ్యంలో రాయిలా కూర్చుంటుంది. ఆ సీసా ఎప్పుడో ఒకనాడు ఎవరి చేతిలోనో పగులుతుంది. అలాంటివి కనబడితే బట్టీవాళ్ళు లారీకి లారీ వెనక్కి పంపేస్తారు. అప్పుడు మేనేజరు నెమ్మదిగా, గొంతు పెంచకుండా, బెల్టు దగ్గరికి వస్తాడు.

బురద పట్టిన పెంకును చూసి ఏది ఏదో చెప్పలేం. ముట్టుకోవాలి. గాజు విరిగిన అంచు నున్నగా జారుతుంది, పింగాణీ అంచు గరుకుగా పట్టుకుంటుంది. రబ్బరు పూత వేసిన మందపాటి గ్లౌజులోంచి ఆ తేడా తెలియదు. అందుకే కుడిచేతి గ్లౌజుకి బొటనవేలూ చూపుడువేలూ చివర్లు కోస్తారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. కొత్తగా చేరినవాళ్ళకి బెల్టు స్విచ్చి చూపించకముందే వేళ్ళు కోసిన గ్లౌజు ఇస్తారు.

అంతకుముందు గేటు దగ్గర ఇద్దరు మనుషులుండేవారు. లారీలో ట్యూబులైట్లూ, అద్దాలూ, ల్యాబుల్లోంచి వచ్చే గొట్టాలూ కనబడితే అక్కడే లాగి పారేసేవారు. వాళ్ళని తీసేశారు. బెల్టు వేగం పెంచారు. ఇప్పుడు ఆ చెత్తంతా ఆడవాళ్ళ వేళ్ళ మీదకి వస్తోంది. నిన్న పొద్దున ముడివేసిన సంచి ఒకటి వచ్చింది, బురదగా, మెత్తగా. అందరూ పిచ్చుక అని పిలిచే అమ్మాయి దాన్ని పట్టుకుని లాగింది. లోపల విరిగిన ల్యాబు గొట్టం ఉంది. ఆమె చేయి వెనక్కి తీసుకునేలోపే బెల్టు సంచిని ముందుకు లాక్కుపోయింది. గ్లౌజు కోసిన చోటే బొటనవేలి నరం తెగింది.

పిచ్చుక అన్నది కూడా అసలు పేరు కాదు. చిన్న మనిషి, గుప్పెడంత చేయి, తెల్లారింది మొదలు కిచకిచమని మాట్లాడుతూనే ఉంటుంది. ఈ రోజు ఆమె చోటు ఖాళీగా ఉంది. వదిన తన చోటుతోపాటు ఆ చోటును కూడా చూసుకుంటూ, దొరికిన ప్రతి పింగాణీ ముక్కనూ డబ్బాలోకి దభీమని విసిరింది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమంటే ఇదే. డబ్బా సొట్టలు పోయిందే తప్ప కోపం తగ్గలేదు.

*

సాయంత్రం పిచ్చుక ఇంటికి వెళ్ళింది వదిన. ఒకటే గది. గోడకి ఆనుకుని మంచం, మంచం మీద పిచ్చుక, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చుంది. వాళ్ళమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూతురికి ముద్దలు పెడుతోంది.

"చూడు వదినా, ఈ వయసులో మా అమ్మకి చంటిపిల్ల దొరికింది," అని నవ్వింది పిచ్చుక. "నా బొటనవేలు సమ్మె చేస్తోంది. మిగతా నాలుగూ నా మాట వింటున్నాయి. ఇది మాత్రం ఉలకదు, పలకదు. మా ఆయన పోలిక."

"డాక్టరు ఏమన్నాడే?"

పిచ్చుక నవ్వడం ఆపింది. వాళ్ళమ్మే చెప్పింది. "తెగిన నరాన్ని ఆపరేషను చేసి కలపాలంటమ్మా. ఈ వారంలోనే చెయ్యాలంట. ఆలస్యమైతే నరం లోపలికి ముడుచుకుపోయి ఇక దొరకదంట. వేలు ఇట్లాగే కట్టెలా ఉండిపోతుందంట. కంపెనీవాళ్ళు కాగితం ఇస్తేనే చేర్చుకుంటామన్నారు ఆస్పత్రివాళ్ళు. అల్లుడు నిన్నటి నుంచీ కంపెనీ ఆఫీసు బయటే నిలబడుతున్నాడు. ఎవరూ లోపలికి రమ్మనరు."

"బొటనవేలు లేకపోతే ఏం చెయ్యగలం వదినా?" అంది పిచ్చుక. "నిన్న తలుపు గడియ తియ్యడానికి చూశాను. గడియ తియ్యడానికి కూడా బొటనవేలు కావాలని నాకిన్నాళ్ళూ తెలీదు."

వదిన మంచం చివర కూర్చుంది. విచారణ సంగతి చెప్పింది. మేనేజరు అడిగిన మాట చెప్పింది.

"ఉన్న మాటే గదా వదినా," అంది పిచ్చుక. "గ్లౌజు కోసే ఉంది. నాకోసం నువ్వు అబద్ధం చెప్పొద్దు. నేనే కాస్త చూసుకుని పట్టుకోవాల్సింది."

"నోర్ముయ్!"

వాళ్ళమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. వదినకే తన గొంతు కొత్తగా వినిపించింది. మనిషి నరం తెగింది చాలక, తప్పు తనదేనని ఆ మనిషి చేతే అనిపించారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఒక గ్లౌజును సంచిలో పెట్టి చూపించారు, అంతే. నిజాన్నే తెచ్చి ఇలా మెడకి చుట్టగలరని ఆమెకి ఈ రోజే తెలిసింది.

"నువ్వు కోశావా ఆ గ్లౌజు?" అంది వదిన. "నీ చేత్తో, నీ కత్తెరతో కోశావా?"

"లేదు. ఇచ్చినప్పుడే అట్లా ఉంది."

"మరి నువ్వు కోసుకున్నానని ఎందుకు ఒప్పుకుంటున్నావు?"

పిచ్చుక తెల్లబోయి చూసింది. ఆ ప్రశ్న తననెవరూ అడగలేదు. తనూ అడుక్కోలేదు.

*

మర్నాడు పొద్దున్నే మరిది ఇంటికొచ్చాడు. వదిన పొయ్యి దగ్గర ఉంది. ఆమె భర్త టీ గ్లాసు పట్టుకుని గడపలో కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. వాతావరణం గురించి మాట్లాడుకోవడానికి పొద్దున్నే ఎవరూ అంత దూరం నడిచి రారు.

"చెప్పు," అంది వదిన.

"నేను నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు వదినా. కోసి ఉందని చెప్పు. అంతటితో ఆపు. ఎవరు కోశారు, ఎవరు కుట్టారు అనే దాకా వెళ్ళొద్దు."

"వెళ్తే?"

"వెళ్తే నా ఉద్యోగం పోతుంది. కోయించమని మేనేజరు నాతో నోటిమాటగానే చెప్పాడు. రేపు తనలా చెప్పలేదంటాడు. అప్పుడు నేనొక్కణ్ణే దొరుకుతాను."

కోసిన గ్లౌజుల అంచుల్లో మొదట్లో దారాలు ఊడి బెల్టు రోలరులో చిక్కుకునేవి. బెల్టు ఆగిపోయేది. అప్పుడు మేనేజరు మరిదిని పిలిచి, కోసేదేదో పద్ధతిగా కోయించు, అంచులు నీటుగా కుట్టించు అన్నాడు. మరిది భార్యకి ఇంట్లో కుట్టుమిషను ఉంది. కొత్త గ్లౌజుల మూట షెడ్డుకి రాకముందే అతని ఇంటికి వెళ్ళేది. అక్కడ కత్తిరించి, కుట్టి, మూటగట్టి తెచ్చేవాడు. పైసా కూలి లేదు. ఆడవాళ్ళందరూ ఆ కుట్టు ఎంత బాగుందో అని మెచ్చుకునేవారు. గోడ మీద గ్లౌజులు కోయరాదు అన్న బోర్డు కింద నిలబడే వాటిని పంచిపెట్టేవారు.

"ఆ పిల్ల వేలు పోతుంది," అంది వదిన.

"నాకు మాత్రం బాధ లేదా? మనమంతా తలా కాస్త వేసుకుని..."

"తలా కాస్త మనమెందుకు వెయ్యాలి? గేటు దగ్గర మనుషుల్ని మనం తీసేశామా? బెల్టు వేగం మనం పెంచామా?"

భర్త గడపలోంచి మెల్లగా అన్నాడు. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు. వాడు నా తమ్ముడే. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది."

"మీరు టీ తాగండి," అంది వదిన.

మరిది లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "వదినా, నువ్వు నన్ను పెంచావు," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఆమెకి కాస్తయినా జాలి కలిగేదేమో. ఆ మాటతో ఆ కాస్తా పోయింది.

షెడ్డుకి వెళ్ళేసరికి బెల్టు దగ్గర గోల. తెల్లవారకముందే మరిది వచ్చి అందరి గ్లౌజులూ పట్టుకుపోయాడట. కొత్తవి ఇచ్చాడు. వాటికి వేళ్ళు పూర్తిగా ఉన్నాయి. పసుప్పచ్చ రబ్బరు, వేలు వంచితే మళ్ళీ తనంతట తనే నిక్కుతుంది. ఆ రోజంతా అవి తొడుక్కునే ఏరారు. పింగాణీ ముక్కలు కళ్ళముందే గాజులో కలిసి వెళ్ళిపోయాయి.

"ఇవి చేతులు కావే, గరిటెలు," అంది బెల్టు దగ్గర అందరికంటే ముసలామె, అందరూ నాయనమ్మ అనే మనిషి. "రేపు ఆ పై ఆఫీసాయన వచ్చి చూస్తే ఒక్క కోసిన గ్లౌజు కూడా ఉండదు. పిచ్చుకదొక్కటే ఉంటుంది, బల్ల మీద."

ఇంత పని తన మరిది తలలోంచి వచ్చిందని నమ్మడం వదినకి కష్టంగా ఉంది. అతని తల ఆమె ఎరుగును. ఇది మేనేజరు తల. నడిచింది మాత్రం మరిది కాళ్ళు.

*

పని దిగగానే తిన్నగా మరిది ఇంటికి వెళ్ళింది. అతను ఇంకా రాలేదు. తోడికోడలు కిటికీ పక్కన మిషను దగ్గర కూర్చుని ఉంది. కాలి కింద పెడలు ఆగలేదు. మిషను పక్కన గోనెసంచి, సంచి నిండా గ్లౌజులు.

ఈ తోడికోడలు నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయి వచ్చిన కొత్తలో, కూరలో ఉప్పు ఎక్కువైందని మొగుడంటే, ఎక్కువైంది అంది. తర్వాతి రోజు తక్కువైందంటే, తక్కువైంది అంది. వదినకి అలాంటివాళ్ళంటే ఒళ్ళు మంట.

"ఇంకా కుడుతున్నావా?" అంది వదిన.

"ఈ వారానివక్కా. నిన్నే కత్తిరించి పెట్టుకున్నాను. సగంలో ఉన్నాయి." పూర్తయిన గ్లౌజును తీసుకుని, కుట్టిన అంచును తన ముంజేయి లోపలివైపు రాసి చూసింది. గుచ్చుకుంటుందేమోనని. అది ఆమె అలవాటు. గుచ్చుకోలేదు కాబోలు, సంచిలో వేసింది. "ఇవన్నీ తగలబెట్టమన్నారు ఆయన."

"మరి తగలబెట్టకుండా కుడుతున్నావేం?"

"ఇది నైలానక్కా. మండితే కంపు కొడుతుంది. పక్కింటివాళ్ళు తిడతారు."

వదినకి ఇక పట్టలేదు. "పక్కింటివాళ్ళు తిడతారని భయమా నీకు? ఒక మనిషి వేలు పోతోంది. నువ్వు కుట్టిన గ్లౌజు తొడుక్కుని ఉండగానే ఆ వేలు తెగింది. నీ మొగుడు రేపు పదిమందిలో నాకేమీ తెలీదంటాడు. నువ్విక్కడ కూర్చుని అంచులు నున్నగా ఉన్నాయా లేదా అని చూసుకుంటావు. నీకు నోరనేది ఒకటుందా? దాన్ని అన్నం తినడానికేనా ఇచ్చింది?"

తోడికోడలు పెడలు ఆపింది. తల దించుకుంది.

"ఏ చేయక్కా?"

"కుడి చేయి. ఏం?"

"చిన్న సైజుదా?"

"అవును."

"చిన్న సైజు ఒక్కటే ఉంటుంది ప్రతి మూటలోనూ. దానికి నేను రెండు వరసలు కుడతాను. చిన్న చేయి కదా, వదులైతే జారుతుందని." ఆమె లేచి, కుండలోంచి నీళ్ళు తీసి గ్లాసు చేతికిచ్చింది. "తాగక్కా. ఎండలో వచ్చావు."

వదిన గ్లాసును కిటికీ మీద ఠంగుమని పెట్టి వచ్చేసింది. నీళ్ళు తాగలేదు. ఇలాంటి మనుషులున్నన్నాళ్ళూ మేనేజర్లకి ఢోకా లేదు అని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉంది.

*

పై ఆఫీసు నుంచి వచ్చినాయనకి జలుబు చేసినట్టుంది. లేదా గాజు దుమ్ము పడలేదు. రెండు మాటలకోసారి తుమ్ముతున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. మంచివాళ్ళు తొందరలో ఉంటే ఎంత ప్రమాదమో వదినకి తెలుసు.

మేనేజరు అతని పక్కనే కూర్చున్నాడు. మరిది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బల్ల మీద సంచిలో గ్లౌజు.

"ఇది ఆ అమ్మాయిదేనా?" అన్నాడు పై ఆఫీసాయన.

"ఆమెదే."

"వేళ్ళు కోసి ఉందా?"

"కోసి ఉంది," అంది వదిన. మరిది ఊపిరి వదలడం ఆమెకి వినిపించింది. "కోసి, అంచు కుట్టి ఉంది. రెండు వరసలు. మిషను కుట్టు. దగ్గరగా చూడండి. ఆ పిల్ల ఇంట్లో మంచం తప్ప ఏమీ లేదు. ఆమె కోసుకుంటే దారాలు వేలాడేవి."

అతను సంచిని వెలుతురుకి ఎత్తి చూశాడు. "మరి ఎవరు కుట్టారు?"

వదిన మరిది వంక చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు. "మా తోడికోడలు కుట్టింది. మా మరిది తీసుకెళ్ళి ఇస్తే కుట్టింది. మా మరిదికి ఈ మేనేజరుగారు చెప్పారు. షెడ్డులో అందరివీ ఇలాంటివే. నిన్న తెల్లవారకముందు అన్నీ పట్టుకుపోయారు."

మేనేజరు నవ్వాడు. చిన్నగా, నొచ్చుకున్నట్టు. "వీళ్ళిద్దరూ ఒకే ఇంటివాళ్ళండీ. వదినా మరుదుల మధ్య ఏవో ఉంటాయి. ఇంటి గొడవలు షెడ్డులోకి తెస్తే మనమేం చేస్తాం? కావాలంటే బెల్టు దగ్గరికి వెళ్ళి చూడండి. ఒక్క కోసిన గ్లౌజు కనిపిస్తే నేను ఏమన్నా ఒప్పుకుంటాను."

"ఏమయ్యా, నువ్వు చెప్పు," అన్నాడు పై ఆఫీసాయన మరిదితో.

బయట లారీ గాజు కుమ్మరించింది. ఆ చప్పుడు ఆగేదాకా మరిది ఆగాడు.

"నాకేమీ తెలీదండీ," అన్నాడు.

అంటాడని ఆమెకి తెలుసు. తెలిసినా, వినడం వేరు. అతనికి తొలిసారి చెప్పులు కొన్నది ఆమె. ఆ చెప్పులు వేసుకుని వీధంతా ఎగురుకుంటూ తిరిగిన పిల్లవాడు ఈ గోడకి ఆనుకుని నిలబడిన మనిషేనా అనిపించింది. దుఃఖం రావాలి. రాలేదు. కోపమే వచ్చింది. ఇక అరవాలి. అరిస్తే ఆడది అరిచిందంటారు. అయినా అరవడానికే నోరు తెరిచింది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

గుమ్మంలో తోడికోడలు. నడిచి వచ్చినట్టుంది, ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. చంకలో గోనెసంచి. వెనక గేటు కాపలావాడు, సూపర్‌వైజరుగారి ఇంటావిడ కదా అని వదిలాను అన్నట్టు బిక్కమొహంతో నిలబడ్డాడు.

"ఏమండీ," అంది ఆమె, మొగుడి వంక చూస్తూ. "ఇవి ఇంట్లోనే మర్చిపోయి వచ్చారు."

సంచిని తెచ్చి తిన్నగా బల్ల మీద పెట్టింది. మూతి తాడు విప్పింది. గ్లౌజులు ఒకదాని మీద ఒకటి పొంగి బయటికొచ్చాయి, పసుప్పచ్చవి, రెండు వేళ్ళు లేనివి.

"ఈ వారానివి. అందరివీ కుట్టేశాను. పెద్ద సైజువి పైనున్నాయి. చిన్న సైజుది ఒక్కటే కుట్టలేదు. ఆ అమ్మాయి చేయి బాగయ్యాక కుడదామని ఉంచాను."

పై ఆఫీసాయన ఒక గ్లౌజు తీసుకున్నాడు. ఏమనుకున్నాడో చేతికి తొడుక్కున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ తెల్లగా బయటికొచ్చాయి. తుమ్ము రాబోయి ఆ చేత్తోనే ముక్కు పట్టుకున్నాడు.

"ఎవరు కుట్టమన్నారమ్మా నిన్ను?"

"ఆయన తెస్తారండీ, నేను కుడతాను. ఆయనకి మేనేజరుగారు చెప్పారంట. దారాలు బెల్టులో చిక్కుకుంటున్నాయి, అంచులు నీటుగా ఉండాలి అని." మేనేజరు వైపు తిరిగింది. "నీటుగానే ఉన్నాయా అండీ?"

వదిన ఆమె ముఖంలోకి చూసింది. ఏమీ తెలియని ముఖం. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అదే ముఖం. కానీ సంచి తాడు పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లగా పాలిపోయేంత గట్టిగా బిగుసుకుని ఉన్నాయి.

మేనేజరు ఏదో మొదలుపెట్టాడు. మొదటిసారి అతని గొంతు పెరిగింది. పై ఆఫీసాయన గ్లౌజు తొడిగిన చెయ్యి ఎత్తి ఆపాడు. మరిది వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు," అన్నాడు.

మరిది భార్య వంక చూశాడు. తర్వాత వదిన వంక. "నిజమేనండీ," అన్నాడు. ఆ మాట అతని నోట్లోంచి ఎంత చిన్నగా వచ్చిందంటే, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాడు.

"ఆ అమ్మాయిని ముందు ఆస్పత్రిలో చేర్పించండి. ఇవాళే," అన్నాడు పై ఆఫీసాయన మేనేజరుతో. "కాగితం నా ముందే రాయండి. మిగతావి తర్వాత చూద్దాం."

మేనేజరు కలం కోసం బల్లంతా వెతికాడు. గ్లౌజుల కింద ఎక్కడో ఉండిపోయింది.

*

బెల్టు దగ్గర నాయనమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చదవడం రాకపోయినా, కింద సంతకం ఉందని నిర్ధారించుకుని వదినకి తిరిగిచ్చింది. గేటు దగ్గర మనుషుల్ని మళ్ళీ పెడతారా, బెల్టు వేగం తగ్గిస్తారా అన్నది ఎవరూ చెప్పలేదు. ఆయన "మిగతావి తర్వాత చూద్దాం" అన్నదాంట్లో అవి ఉన్నాయో లేదో తెలియదు. ఆ సంగతి మళ్ళీ అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు. వదిన మనసులో అప్పుడే ఆ మాటలు పేర్చుకుంటోంది, కోపంతోనే.

తోడికోడలు గేటు బయట నీడలో నిలబడి ఉంది. చేతులు ఖాళీగా ఉండేసరికి వాటినేం చేసుకోవాలో తెలియక కొంగు అంచును వేలితో రుద్దుతోంది.

"నిన్న నిన్ను చాలా మాటలన్నాను," అంది వదిన.

"విన్నానక్కా."

వదినకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుంది. "వాడి ఉద్యోగం ఏమవుతుందో. ఇంటికొచ్చాక నిన్ను ఏమంటాడో."

"ఏమంటారు? ఆకలేస్తే అన్నం పెట్టమంటారు." కొంగు అంచు వదిలింది. "పెట్టనంటే ఏమంటారో మాత్రం తెలీదు. ఎప్పుడూ అనలేదు."

వదిన ఆమె చేయి పట్టుకుంది. ఆ వేళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి.

"అక్కా, ఆ అమ్మాయి ఇల్లు చూపిస్తావా?" అంది తోడికోడలు. "ఆమె చేతి కొలత తెలుసు గానీ మనిషిని నేనెప్పుడూ చూడలేదు."

కాగితం వదిన దగ్గరే ఉంది. ఇద్దరూ ఇంటి దారి వదిలి పిచ్చుక ఇంటి వైపు నడిచారు.